జీడి ఫ్యాక్టరీలో ముఖం చూసి హాజరు వేసే మిషన్: కాయితాలు ఎలా పెట్టాలి?

పలాస జీడి: మాది పలాసలో చిన్న ఫ్యాక్టరీ, 40 మంది ఆడవాళ్లు. గింజ కొట్టే వేళ్లు జీడి సొనకి కాలి గీతలు పోతాయి, వేలిముద్ర మిషన్ పట్టదు. అందుకే ముఖం గుర్తుపట్టే ఏఐ మిషన్ పెట్టాం. బిగించినతను 20 పేజీల ఇంగ్లీషు కాయితం ఇచ్చి అందరి సంతకాలూ తీసుకోమన్నాడు. సగం మంది నిశానీలే. చదవలేని కాయితం మీద వేలు ఎలా పెట్టించమంటారు?

విజయనగరం వకీలు: ఏఐకి మన దేశంలో విడిగా చట్టం లేదండి. 2025 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు మాత్రం ఇచ్చింది. మీకు వర్తించేది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని నియమాలూ ఆ నవంబరులోనే వచ్చాయి, అసలు బాధ్యతలు 18 నెలలకి, అంటే 2027 మేలో మొదలవుతాయి. డేటా భద్రతలో లోపముంటే జరిమానా 250 కోట్ల దాకా. సమ్మతి నోటీసు ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషల్లో ఎందులోనైనా చదువుకునే వీలుండాలి. తెలుగు వాటిలో ఉంది కదా.

రాజాం ఎక్స్‌రే అక్క: సాఫ్ట్‌వేర్ వాళ్లు చూసుకుంటారులే అని మాత్రం అనుకోకు తమ్ముడూ. మా సెంటర్లో ఫిల్ములు చదివే ప్రోగ్రాం పెట్టాం. ఓ రోజు ఒకరి రిపోర్టు ఇంకొకరి ఫోనుకి పోయింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే మాకు సంబంధం లేదన్నారు. ఆ పేషెంటు మా గుమ్మంలోకే వచ్చి ఏడ్చింది. కొత్త చట్టంలోనూ అంతే, తప్పు వాళ్లదైనా జవాబు చెప్పాల్సింది మనమే. డేటా బయటికి పోతే ఆ మనిషికీ, ఈ చట్టం కింద ఉండే డేటా రక్షణ బోర్డుకీ వెంటనే తెలపాలి, 72 గంటల్లో బోర్డుకి పూర్తి వివరాలివ్వాలి.

బొబ్బిలి కోడ్: మేం జర్మనీ కంపెనీకి ఉద్యోగ దరఖాస్తులు వడగట్టే ప్రోగ్రాం రాస్తున్నాం. ఫలితం యూరప్‌లో వాడితే అక్కడి ఏఐ చట్టం బొబ్బిలి దాకా వస్తుంది. ఉద్యోగాల ఎంపిక వాళ్ల లెక్కలో హై రిస్క్, అంటే ప్రమాదం ఎక్కువున్న రకం. పనిచోట ముఖం చూసి కోపం, దిగులు పసిగట్టడాన్ని 2025 ఫిబ్రవరి 2 నుంచే నిషేధించారు. అన్నా, మీ మిషన్లో అలాంటిదుంటే ఆపేయించండి. మన చట్టం అడగకపోయినా అది తప్పే.

విజయనగరం వకీలు: ఒక్క మాట కలుపుతాను. ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వీలు మన డేటా చట్టం 7వ సెక్షన్లో ఉంది. హాజరు అందులోకి వస్తుందనే నా ఉద్దేశం. ఆ ముఖాలని ఇంకో పనికి వాడితే ఆ సెక్షన్ కాపాడదు. కాయితం మళ్లీ చూడండి.

పలాస జీడి: చూశానండి. 14వ పేజీలో ఉంది, ఫొటోలు తమ ప్రోగ్రాం మెరుగుకి వాడుకుంటారట! పట్టుబట్టి కొట్టించేశాను. తెలుగులో ఒక్క పేజీ రాసి, మధ్యాన్నం అన్నాల దగ్గర మేస్త్రమ్మ చేత గట్టిగా చదివించాను. అంతా విన్నాక ఒకామె అడిగింది, "నాను పని మానేస్తే నా మొకం ఏటి సేస్తావు బావూ?" దానికి జవాబు ఆ 20 పేజీల్లోనూ లేదు, నా పేజీలోనూ లేదు. ఎన్నాళ్లుంచి తుడిచెయ్యాలో చెప్పండి వకీలుగారూ, రేపు ఆ ముక్క రాసి మళ్లీ చదివించాలి.