కందుకము వోలె సుజనుడు: మగుడనా, మరలనా?

(బెంగళూరు తెలుగువాళ్ళ మాటలివి, ఎవరి పేటే వాళ్ళ పేరు.)

మారతహళ్ళి: నిన్నటి నుంచి ఒక పద్యం మొదటి రెండు పాదాలు నోట్లో నానుతున్నాయి. "కందుకము వోలె సుజనుడు క్రిందంబడి మరల మీదికిన్నెగయు జుమీ". మంచివాడు బంతిలా కిందపడ్డా మళ్ళీ పైకి లేస్తాడని. మా ఆఫీసు యాప్‌ను తెలుగులోకి తెస్తున్నాం. పర్సిస్టెన్స్‌కీ రెజీలియెన్స్‌కీ 'పట్టుదల' అనే రాసి పంపారు. రెండోది, అంటే దెబ్బ తిని తిరిగి లేచే గుణం, ఈ పద్యంలో ఉందనిపిస్తోంది. ఏ మాట వాడాలి?

మల్లేశ్వరం: 'మరల' కాదండీ, 'మగుడ'. భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి మాట అదే.

జయనగర్: ఛందస్సుతో మాత్రం ఇది తేలదు. 'బడిమగు-డమీది' అన్నా, 'బడిమర-లమీది' అన్నా నలం, జగణమే, గణాలు మారవు. యతి 'క్రి'కీ 'కి'కీ కుదిరింది, ఈ మాటతో దానికి పని లేదు. అర్థంతోనే తేల్చాలి. మరల అంటే మళ్ళీ, పడ్డప్పుడల్లా లేవడం. అది పట్టుదల వైపు వెళ్తుంది. మగుడ అంటే వెనుదిరిగి, పడ్డ దారినే పైకి రావడం. నా ఓటు మగుడకే.

మల్లేశ్వరం: ఓటు మంచిదే, కారణం నిలవదు. మరలడమూ వెనుదిరగడమే, "ఇంటికి మరలాడు" అనమా? అసలు పట్టు సంస్కృతంలో ఉంది. భర్తృహరి 'ఉత్పతతి', 'పతన్నపి' అన్నాడు. పడడానికీ ఎగరడానికీ ఒకటే ధాతువు! ఆ అందం తెలుగులో రాలేదు.

బసవనగుడి: బదులుగా ప్రాస వచ్చింది కదా మాస్టారూ. నాలుగు పాదాల మొదటా కందు, క్రిందం, మందు, క్రిందం: బంతి నేలను తాకిన చప్పుడు నాలుగుసార్లూ వినిపిస్తుంది. భర్తృహరినే తెలుగు చేసిన ఎలకూచి బాలసరస్వతి ఎంత పండితుడైనా 'సురభిమల్లా నీతివాచస్పతీ' అన్న మకుటానికే చివరి పాదంలో సగం పైగా పోతుంది. లక్ష్మణకవికి ఆ బరువు లేదు. అందుకే ఆయన పద్యమే జనం నోట నిలిచింది.

జయనగర్: బాలసరస్వతిని అంత తేలిగ్గా తీసేయకండి. భర్తృహరిని తెలుగులోకి తెచ్చే దారి ముందు వేసింది ఆయనే.

మారతహళ్ళి: నా మాట సంగతి?

వైట్‌ఫీల్డ్: స్థితిస్థాపకత. స్కూల్లో ఫిజిక్స్‌లో చదువుకున్నదే.

బసవనగుడి: అది రబ్బరుకు. లాగి వదిలితే మునుపటి ఆకారానికి వస్తుంది. కష్టం దాటిన మనిషి మునుపటిలా ఉండడు. పక్కనున్న కన్నడలో పట్టుదలను 'ఛల' అంటారు, మెచ్చుకోలుగానే. మన 'చలపట్టడం'లో మొండితనం పాలు ఎక్కువ. పట్టుదలకే ఇన్ని ఛాయలుంటే రెండోదాన్ని దాని కిందే ఎలా తోస్తాం?

మల్లేశ్వరం: విభక్తి చూడండి, తేడా అక్కడే దొరుకుతుంది. పట్టుదల దేని *మీద*? తేరుకోవడం దేని *నుంచి*? మొదటిదానికి ముందు ఒక పని ఉండాలి, రెండోదానికి వెనక ఒక దెబ్బ ఉండాలి. "ఆరంభింపరు నీచమానవులు" పద్యంలో ధీరులు "ప్రారబ్ధార్థము లుజ్జగింపరు", మొదలెట్టిన పని వదలరు. అది పట్టుదల. బంతికి చేరాల్సిన చోటంటూ లేదు, లేవడమే దాని పని. గ్రూప్ వన్ మళ్ళీ మళ్ళీ రాసేవాడిది పట్టుదల. దాన్ని వదిలేసి, కుంగిపోకుండా బతుకు చక్కబెట్టుకున్నవాడిది రెండో గుణం. వాడికి పట్టుదల లేదని చిన్నచూపు చూస్తాం, అది అన్యాయం.

జయనగర్: ఒప్పుకుంటాను. కానీ ఆ ధీరులు కూడా 'విఘ్ననిహన్యమానులు', దెబ్బలు తింటూనే ఉన్నారు. 'నుంచి' అక్కడా ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

మల్లేశ్వరం: ఉండొచ్చు. ఉండి తీరాలని లేదు.

బసవనగుడి: యాప్‌కైతే 'నిలదొక్కుకోవడం' పెట్టండి. తూలినవాడు కాలూనుకోవడం అందులోనే కనిపిస్తుంది.

మారతహళ్ళి: బటన్‌లో పట్టదండీ. 'తేరుకోవడం' పడుతుంది.

వైట్‌ఫీల్డ్: 'తేరుకోవడం' అంటే జ్వరం తగ్గినట్టుంది.

జయనగర్: అది తర్వాత చూద్దాం. ఎవరి దగ్గరైనా పాత అచ్చుప్రతి ఉంటే ఆ రెండో పాదం ఫోటో పెట్టండి. 'మరల' అన్న పాఠం ఎక్కడైనా అచ్చయిందా, లేక నోట్లోనే మారిందా?