పెరటి షెడ్డులో అక్వేరియం కంట్రోలర్, ముందు హాల్లో రౌటర్: నెట్ ఎలా తీసుకెళ్లాలి? (అడిగేది ‘ఉప్పునీళ్లు’, జవాబిచ్చేది ‘సంపు కింద’, ‘జాయింట్ బాక్స్’. మూడూ మారుపేర్లే.)

ఉప్పునీళ్లు:
రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), సంపు (ట్యాంకు నీటిని వడకట్టే కింది తొట్టి), హీటర్ లాంటివాటిని నడిపే కంట్రోలర్ అన్నీ పెరట్లో రేకుల షెడ్డులో ఉన్నాయి. రౌటర్ ముందు హాల్లో. గోడల వెంట కొలిస్తే తీగ దారి 45 మీటర్లు. కంట్రోలర్ పాత మోడల్, వైఫై లేదు, ల్యాన్ పోర్టు (నెట్ కేబుల్ గుచ్చే చోటు) ఒక్కటే. షెడ్డు గుమ్మం దగ్గర ఫోన్లో ఇంటి వైఫై ఒక గీత చూపిస్తుంది, లోపలికెళ్తే అదీ ఉండదు. షెడ్డు లైట్లు మెయిన్ లైన్ మీద, పంపులు ఇంటి ఇన్వర్టర్ మీద. పవర్‌లైన్ అడాప్టరా (ఇంటి కరెంటు తీగల మీదే నెట్ పంపేది), ల్యాన్ పోర్టున్న ఎక్స్‌టెండరా (వైఫైని అందుకుని మళ్లీ పంచేది), నేరుగా కేబులా? ఏది నిలబడుతుంది? నెట్ పోతే హీటర్ కంట్రోల్ కూడా పోతుందా?

సంపు కింద:
హీటర్ సంగతి ముందు. ఉష్ణోగ్రత చూసి హీటర్ని, చిల్లర్ని (నీళ్లు చల్లబరిచేదాన్ని) నడిపే ప్రోగ్రాం మీ తరహా కంట్రోలర్ లోపలే ఉంటుంది. నెట్ పోతే పోయేవి అలర్టులు, ఫోన్లో గ్రాఫులు. క్లౌడ్ నుంచి ఆర్డరొస్తేనే పనిచేసే చవక వైఫై ప్లగ్గులకి ఈ ధైర్యం లేదు, వాటికి హీటర్ అప్పగించకండి. స్పీడు గొడవా లేదు. 10 ఎంబీపీఎస్ కూడా ఎక్కువే, లింకు తెగకుండా ఉంటే చాలు.

పవర్‌లైన్ వదిలేయండి. ఇల్లు త్రీ ఫేజ్ అయితే హాలు ఒక ఫేజు మీద, షెడ్డు ఇంకో ఫేజు మీద ఉండొచ్చు, సిగ్నల్ సరిగ్గా దాటదు. ఇన్వర్టర్ లైన్లో పెడితే ఇంకా ఇబ్బంది. కరెంటు పోగానే ఇన్వర్టర్ లోపలి రిలే ఆ లైన్ని మెయిన్ నుంచి విడదీస్తుంది, రెండు అడాప్టర్ల మధ్య దారి తెగుతుంది. సరిగ్గా అలర్టు రావాల్సినప్పుడే లింకు ఉండదు.

ఎక్స్‌టెండర్‌ని షెడ్డులో పెడితే ఆ ఒక్క గీతనే మళ్లీ పంచుతుంది. వెనక గదిలో, పెరటి వైపు కిటికీ దగ్గర పెట్టి, ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్‌తో చూడండి. అక్కడ మైనస్ 65 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం), అంతకంటే మెరుగ్గా వస్తేనే పనికొస్తుంది. మైనస్ 75 దాటితే రోజూ తెగుతుంది. సిగ్నల్ బాగున్నా అక్కడి నుంచి షెడ్డుకి తీగ లాగాల్సిందే. రేకులు, వాటి వెనక నిండు ట్యాంకు, రెండూ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి గోడలే. ఎలాగూ తీగ తప్పనప్పుడు హాలు నుంచే లాగడం మేలు.

జాయింట్ బాక్స్:
తీగ మాటే నాదీ. కానీ రాగి వద్దు, ఫైబర్ (వెలుతురుతో డేటా పంపే, కరెంటు పారని గాజు తీగ) వేయండి. రాగి ల్యాన్ కేబుల్ మీద ఈథర్నెట్ 100 మీటర్ల దాకా పోతుంది, దూరం సమస్య కాదు. రెండు కట్టడాల మధ్య ఆరుబయట 45 మీటర్ల రాగి తీగ ఉంటే, ఏప్రిల్, మే ఉరుములప్పుడు దగ్గర్లో పిడుగు పడినా అందులో సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) పుడుతుంది. ఒక చివర రౌటర్, రెండో చివర కంట్రోలర్, రెండూ పోతాయి.

కావలసినవి: రెండు కోర్ల (గాజు పోగుల) సింగిల్ మోడ్ డ్రాప్ కేబుల్ (ఇళ్లకి ఫైబర్ నెట్ తెచ్చే రకం తీగ) 60 మీటర్లు, ఏ-బీ జతగా వచ్చే 10/100 మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని ల్యాన్ తీగకి కలిపే డబ్బాలు) రెండు, చిన్న ల్యాన్ ప్యాచ్ తీగలు రెండు. జతగానే కొనండి, ఒకటి 1310 నానోమీటర్ల వెలుతురు మీద పంపితే రెండోది 1550 మీద పంపాలి. రెండూ ఏ రకమే వస్తే లింకు లైటు వెలగదు. నడిచేది ఒక కోరుతోనే, రెండోది స్పేర్. చివర్లు ఊళ్లో ఫైబర్ వేసే కుర్రాడు స్ప్లైస్ చేసి (గాజు పోగుల్ని అతికి) ఎస్‌సీ రకం కనెక్టర్లు పెడతాడు. డ్రాప్ కేబుల్ పక్కనే స్టీలు తీగ ఉంటుంది. దాన్ని చీల్చి బయట హుక్కుకి కట్టి అక్కడే కత్తిరించండి, లోపలికి తెస్తే పిడుగు దారి మళ్లీ తెచ్చినట్టే. మూలల్లో 3 సెంటీమీటర్ల కంటే తక్కువ వ్యాసార్థంతో వంచొద్దు.

రాగే వేస్తానంటే అవుట్‌డోర్ క్యాట్ 6 ల్యాన్ కేబుల్, పీవీసీ పైపులో, రెండు చివర్లా ఎర్త్ చేసిన సర్జ్ ప్రొటెక్టర్లతో. కొనేముందు ఒక పోగుని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. క్రింపింగ్‌లో (చివర ప్లగ్గు బిగించేటప్పుడు) నీలం జత 4, 5 పిన్నుల మీద, ఆకుపచ్చ జత 3, 6 మీద ఉండాలి. ఆకుపచ్చని 3, 4 మీద పక్కపక్కనే పెడితే చవక టెస్టర్‌లో లైట్లు వరసగానే వెలుగుతాయి, 45 మీటర్ల మీద మాత్రం లింకు తెగుతూ ఉంటుంది.

ఉప్పునీళ్లు:
ఫైబర్‌కే వెళ్తాను. ఈలోగా తాత్కాలికంగా కేబుల్ నేలమీద పరిచి, షెడ్డు చివర పాత రౌటర్ పెట్టాను. కంట్రోలర్ లైటు వెలుగుతోంది, దానికి 192.168.0.105 అనే ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) వచ్చింది. ఇంటి వైఫైలో ఉన్న ఫోన్‌కి మాత్రం కనపడట్లేదు.

సంపు కింద:
ఇంటి కేబుల్ పాత రౌటర్ వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే పోర్టులో) పెట్టారు కదా? మీ ఇల్లు 192.168.1 అయితే షెడ్డు వేరే నెట్‌వర్క్ అయిపోయింది. పాతదాంట్లో ముందు ల్యాన్ ఐపీని 192.168.1.2కి మార్చండి, తర్వాత డీహెచ్‌సీపీ (ఐపీలు వాటంతట అవే పంచే సెట్టింగు) ఆపండి, ఆఖర్న కేబుల్ని ల్యాన్ పోర్టులోకి మార్చండి. ఈ వరస తప్పితే ఆ రౌటర్ పేజీ మీకే తెరుచుకోదు. కంట్రోలర్‌ని ఒకసారి ఆపి వెలిగించి, దాని మ్యాక్ అడ్రస్‌కి (పరికరానికి ఉండే సొంత గుర్తింపు నంబరుకి) హాల్లో రౌటర్‌లో ఒక ఐపీ రిజర్వ్ చేయండి.

బయటి నుంచి చూడాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి రౌటర్‌లోకి దారి తెరవడం) జోలికి పోకండి. మన దగ్గర చాలా కనెక్షన్లు సీజీనాట్ (కంపెనీ ఒకే బయటి ఐపీని చాలామందికి పంచడం) వెనకే ఉంటాయి, పని చేయదు. కంట్రోలర్ కంపెనీ క్లౌడ్ గానీ, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌కి గుప్తంగా కలిపే దారి) గానీ వాడండి.

జాయింట్ బాక్స్:
కన్వర్టర్‌ని సంపు క్యాబినెట్లో పెట్టకండి. ఉప్పు చెమ్మకి పిన్నులు పచ్చబడతాయి. షెడ్డు గోడకి, నీటిమట్టం కంటే పైన, మూతున్న డబ్బాలో బిగించండి. దానికొచ్చే ప్రతి తీగా ముందు కిందికి వేలాడి తర్వాత పైకెక్కాలి, అప్పుడు కారే నీటిబొట్టు ఆ వేలాడే చోటే రాలిపోతుంది.

రౌటర్, ఫైబర్ ఓఎన్‌టీ (నెట్ కంపెనీ ఫైబర్ వచ్చి చేరే డబ్బా), రెండు కన్వర్టర్లూ బ్యాకప్ మీద ఉండాలి. మినీ యూపీఎస్ కొనేముందు ఒక్కోదాని లేబుల్ మీద వోల్టేజీ చూడండి. రౌటర్లు ఎక్కువగా 12 వోల్టులు, చిన్న కన్వర్టర్లు చాలావరకు 5. అన్నీ పెట్టాక ఫోన్‌ని మొబైల్ డేటాలోకి మార్చి, షెడ్డు కన్వర్టర్ ప్లగ్గు పీకండి. ఆఫ్‌లైన్ అలర్టు ఫోన్‌కి రాకపోతే క్లౌడ్ సెట్టింగుల్లో అది ఆఫ్‌లో ఉందేమో చూడండి.