లేజర్‌తో వెరికోస్ వెయిన్స్ చికిత్స: స్పైనల్ కావాలా, ట్యూమెసెంట్ చాలా?

సిరవైద్యం:
ఈ రెండు మత్తుల్ని పోల్చే పరిశోధన నొప్పి స్కోరు ఒక్కటే కొలిస్తే స్పైనల్ (వెన్నులో సూదితో నడుము కిందంతా మొద్దుబార్చే మత్తు) గెలిచి తీరుతుంది. కానీ ట్యూమెసెంట్, అంటే సిర చుట్టూ ఎక్కించే పలుచటి మత్తుమందు ద్రావణం, పని తిమ్మిరెక్కించడం ఒక్కటే కాదు. సిరను లోపలున్న లేజర్ ఫైబర్ మీదికి నొక్కుతుంది, వేడి చర్మానికీ నరాలకూ తగలకుండా అడ్డుకుంటుంది. స్పైనల్ ఇచ్చినా సిర చుట్టూ చల్లటి సెలైన్ ఎక్కించక తప్పదు. పైగా స్పైనల్‌తో కాలి సిరలు ఉబ్బుతాయి. మరి రెండూ ఎందుకు?

మత్తువైద్యం:
ట్యూమెసెంట్‌లో సూది పోట్ల మాటేమిటి సార్? తొడ పొడవునా పది పన్నెండు సార్లు సూది దిగాలి. రెండు కాళ్లకూ చేసి, పక్క సిరలు కూడా తీయాలంటే ద్రావణంలోని మత్తుమందు లిగ్నోకెయిన్ మోతాదు హద్దు దాటిపోతుంది. స్పైనల్ అనగానే అందరూ ఎక్కువసేపు పనిచేసే హెవీ బుపివకెయిన్‌నే లెక్కలోకి తీసుకుంటున్నారు. త్వరగా దిగిపోయే 1% క్లోరోప్రొకెయిన్ 40 మి.గ్రా. ఇస్తే ఆ పూటే నడుస్తారు.

సిరవైద్యం:
లెక్క చూద్దాం మేడమ్. 500 మి.లీ. సెలైన్‌లో అడ్రినలిన్ కలిసిన 2% లిగ్నోకెయిన్ 25 మి.లీ., 8.4% సోడియం బైకార్బొనేట్ 5 మి.లీ. కలిపితే లిగ్నోకెయిన్ దాదాపు 0.1%. సెంటీమీటరు సిరకు 10 మి.లీ. చొప్పున 40 సెం.మీ.కి 400 మి.లీ., అంటే సుమారు 400 మి.గ్రా. 60 కిలోల మనిషికి కిలోకు 7 మి.గ్రా. చొప్పున హద్దు 420. రెండు కాళ్లయితే లిగ్నోకెయిన్ సగానికి తగ్గించి 0.05% చేస్తే సరి. మంట పుట్టేది చాలావరకు ద్రావణం ఆమ్లత్వం వల్ల, బైకార్బొనేట్ మరిచిపోయినవాళ్లే పోట్ల నొప్పి గురించి ఎక్కువ చెబుతారు.

అల్ట్రాసౌండ్:
తేడా కొట్టేది ఎక్కువగా సూది మొన దగ్గరే. మందు సిరను చుట్టి ఉండే ఫాసియా పొర లోపల పడాలి. అల్ట్రాసౌండ్ అడ్డకోత చిత్రంలో కంటి ఆకారం కనిపిస్తుంది, ద్రావణం ఆ కన్నంతా నిండి సిర నడుమ తేలాలి. బయట పడితే ఎన్ని మి.లీ. పోసినా నొప్పి తగ్గదు, చర్మం నుంచి సిర సెంటీమీటరు దూరమూ జరగదు. మోకాలి కింద ఇంకా జాగ్రత్త: సఫీనస్, స్యూరల్ నరాలు సిరను ఆనుకునే ఉంటాయి. స్పైనల్‌లో ఉన్న రోగి "మండుతోంది" అని చెప్పలేడు.

మత్తువైద్యం:
ఆ చివరి మాట ఒప్పుకుంటాను. అయినా భయంతో కాలు కదిపే రోగికి భయం తగ్గించే మిడజోలామ్ 1 మి.గ్రా. చాలదు, అక్కడ నా ఓటు స్పైనల్‌కే. మీ పద్ధతిలోనూ లిగ్నోకెయిన్ విషప్రభావానికి విరుగుడైన 20% ఇంట్రాలిపిడ్ గదిలో ఉండాలి. ఆ విషప్రభావానికి గుర్తులైన నోటి చుట్టూ తిమ్మిరి, చెవిలో హోరు మొదలైతే వెతుక్కునే వ్యవధి ఉండదు. అడ్రినలిన్ వల్ల లిగ్నోకెయిన్ రక్తంలోకి నిదానంగా చేరుతుంది, ఇంటికెళ్లాక కూడా స్థాయి పెరగవచ్చు. పరిశోధన చేస్తే దాంతోపాటు ఇవీ కొలవండి: నడిచేదాకా పట్టిన సమయం, మూత్రం ఆగిపోవడం, ఆరు వారాలకు మిగిలిన తిమ్మిరి.