పాత ట్రాక్టర్: కీ తిప్పగానే టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి

మెట్టరైతు: అన్నా, మా నాన్న కొన్న 35 హెచ్‌పీ బండి. పోయిన వారం డాష్‌బోర్డు విప్పి వైర్లు మార్చాం, అప్పట్నుంచి ఇంజన్ స్టార్ట్ చేయకముందే, కీ ఆన్ చేస్తే చాలు, ముల్లు చివరికి పోయి కూర్చుంటోంది. రేడియేటర్ చల్లగానే ఉంది. దుక్కుల టైము, టెన్షన్‌గా ఉంది. మీటరే పోయిందా?

పాతబండి: అప్పుడే మీటర్ కొనకు తమ్ముడూ. ఇంజన్ దగ్గర సెన్సర్ వైరు ఊడదీసి, అది దేనికీ తగలకుండా పట్టుకుని కీ ఆన్ చెయ్యి. ముల్లు దిగితే సెన్సర్ పోయినట్టు, దిగకపోతే ఆ వైరు దారిలో ఎక్కడో బాడీకి తగులుతోంది. వేడెక్కేకొద్దీ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది, అందుకే వైరు నేరుగా ఎర్త్ అయితే, అంటే బండి బాడీకి తగిలితే, మీటర్ దాన్ని మహా వేడి అనుకుంటుంది.

కరెంటుపని: డీజిల్ మీటర్ కూడా తిక్కగా చూపిస్తే మీటర్ల ఎర్త్ వైరు చూడు, పెయింటు మీదే బిగించేసి ఉంటారు, బాడీకి సరిగా అందదు. సెన్సర్ మార్చాల్సి వస్తే దాని త్రెడ్ల మీద టెఫ్లాన్ టేపు దండిగా చుట్టకు, సెన్సర్‌కు ఎర్త్ అందక ముల్లు లేవదు.

మెట్టరైతు: ముల్లు దిగలేదన్నా. వెతికితే స్టీరింగ్ కింద క్లాంపులో వైరు నలిగి రాగి బయటపడింది. టేపు చుట్టి పక్కకు కట్టాను, ఇప్పుడు బాగుంది. డీజిల్ మీటర్ అంటారా, అది ఏనాడూ పనిచేయలేదు, పుల్ల ముంచి చూసుకోవడమే.