ఆయిల్ ఫిల్టర్: లోపం డబ్బాలోదా, బిగించిన చేతిదా?

కృష్ణలంక క్యాబ్:
అందరికీ నమస్కారం. నాకు రెండు క్యాబ్‌లున్నాయి, రెండూ చిన్న పెట్రోల్ కార్లే. పోయిన నెల సర్వీసింగ్‌లో మా మెకానిక్ తెచ్చిన లోకల్ ఆయిల్ ఫిల్టర్ (ఇంజిన్ ఆయిల్‌ని వడకట్టే డబ్బా) వేయించాను. మూడో రోజు నుంచి పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగంలో నాలుగైదు సెకన్లు టకటకమని శబ్దం. ఆయిల్ లైటు కూడా ఆలస్యంగా ఆరుతోంది. పైగా బండి నిలిపిన చోట నేల మీద చుక్కలు.

రెండు వేల కిలోమీటర్లకే విప్పించి, ఆ ఫిల్టర్‌ని ఇంటికి తెచ్చి కోశాను. లోపలి కాగితం మడతల రెండు కొసలూ కలిసే జాయింట్ దగ్గర వేలిగోరు దూరేంత సందు ఉంది. రబ్బరు వాల్వు మెత్తగా వంగాల్సింది పోయి ప్లాస్టిక్ మూతలా బిగుసుకుపోయింది. ఒరిజినల్‌కీ దీనికీ తేడా నలభై రూపాయలు. నేననేది ఒకటే. ఇలాంటి సరుకు అమ్మడం మోసం. తిండి పెట్టే బండికి కంపెనీ ఫిల్టర్ తప్ప వేరేది వేయించకూడదు. మీరేమంటారు?

స్పానర్ 22:
తమ్ముడూ, ఆటోనగర్‌లో పంతొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, కాబట్టి చెప్తున్నాను. నువ్వు చెప్పిన మూడు కంప్లయింట్లనూ ఒకే గాటన కట్టకు.

ముందు కారడం సంగతి. పాత ఫిల్టర్ విప్పినప్పుడు ఒక్కోసారి దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్తది ఎక్కిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫిల్టర్ ఎంత మంచిదైనా కారుతుంది. నీ అదృష్టం, చుక్కలతో పోయింది. హైవే మీద ఒక్కసారిగా ఊడిందంటే ఆయిలంతా రోడ్డు పాలు. కొత్త రింగుకి వేలితో కాస్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పుతూ రింగు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. పానా పెట్టి బలమంతా చూపించేవాళ్లే ఎక్కువ. రింగు నలిగేది అక్కడే.

ఇక కోత. దేంతో కోశావు? హ్యాక్సా బ్లేడ్ అయితే ఇనుప రజను లోపల పడుతుంది, కాగితం కూడా చిరగొచ్చు. నువ్వు చూసిన సందు ముందునుంచీ ఉందా, నీ బ్లేడ్ చేసిందా అనడిగితే ఏం చెప్తావు?

పొద్దున శబ్దానికి ఇంజిన్ వాల్వుల్ని కదిలించే ట్యాపెట్లు కారణం కావచ్చు, చైన్‌ని బిగువుగా ఉంచే టైమింగ్ చైన్ టెన్షనర్ కావచ్చు, వేసిన ఆయిల్ గ్రేడ్ కావచ్చు. అన్నీ ఫిల్టర్ నెత్తిన వేస్తే ఎలా?

కృష్ణలంక క్యాబ్:
అన్నా, హ్యాక్సాతోనే కోశాను. ఆ మాట ఒప్పుకుంటాను. పాత రింగు వచ్చిందో లేదో నేను చూడలేదు.

గాజువాక డ్రైవర్:
నాకు రింగుల గొడవ తెలియదు గానీ, జరిగింది చెప్తాను. నా బండికి ఇంజిన్ విప్పించి హాఫ్ ఇంజిన్ పని చేయించాల్సి వచ్చింది. బేరింగ్ కొట్టుకుపోయింది. విప్పినప్పుడు ఫిల్టర్ లోపలి చిల్లుల గొట్టం నొక్కేసిన టీ కప్పులా చప్పబడి ఉంది. ఆయిల్ టైముకి మార్చాను, బిల్లులున్నాయి. ఫిల్టర్‌కి మాత్రం బిల్లు లేదు. నలభై రోజులు బండి షెడ్డులోనే ఉంది, ఈఎంఐ మాత్రం ఆగలేదు. అప్పటినుంచి ఫిల్టర్ నా చేత్తో నేనే కొని తెస్తున్నాను.

క్యూసీ టేబుల్:
ఫిల్టర్లు తయారుచేసే ప్లాంట్‌లో తొమ్మిదేళ్లు క్వాలిటీ విభాగంలో చేశాను. ఇద్దరూ చెప్పినదాంట్లో నిజం ఉంది. కానీ అసలు ప్రమాదం ఎక్కడుందో ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆయిల్ అడుగు ప్లేటు చుట్టూ ఉన్న చిన్న చిల్లుల్లోంచి లోపలికి వస్తుంది, మడతల కాగితాన్ని బయటి నుంచి లోపలికి దాటుతుంది, మధ్య గొట్టంలోంచి ఇంజిన్‌కి పోతుంది. బండి ఆపాక డబ్బాలో ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆ చిన్న చిల్లుల్ని మూసేదే రబ్బరు వాల్వు. అది గట్టిపడితే రాత్రికి డబ్బా ఖాళీ అవుతుంది. పొద్దున అది నిండేదాకా పైకి ఆయిల్ అందదు. క్యాబ్ అన్న చెప్పిన శబ్దానికీ, లైటు ఆలస్యంగా ఆరడానికీ ఇది సరిగ్గా సరిపోయే కారణం. అయితే ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో బిగించిన బండికే ఈ మాట. మర ఉన్న మూతి పైకి ఉండేలా నిలువుగా బిగించేదైతే ఆయిల్ ఎలాగూ అందులోనే నిలుస్తుంది. వాల్వుకి చవకలో నైట్రైల్ రబ్బరు వాడతారు, వేడికి త్వరగా బిగుసుకుపోతుంది. సిలికాన్ అయితే ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది.

ఇప్పుడు కాగితం. జాయింట్ విడిపోతే, లేదా కాగితానికీ పైమూతకీ మధ్య గమ్ సరిగ్గా పట్టకపోతే, ఆయిల్ వడకట్టకుండా ఆ సందులోంచి నేరుగా పోతుంది. అలా పోయినప్పుడు ప్రెషర్ తగ్గదు, లైటు వెలగదు, శబ్దం రాదు, చుక్క కారదు. బండి హాయిగా తిరుగుతుంది. మురికి మాత్రం రోజూ బేరింగుల్లోకి పోతుంటుంది. కారే ఫిల్టర్ నయం, కనీసం కనిపిస్తుంది. నాకు భయం కారని చెడ్డ ఫిల్టర్‌తోనే.

బైపాస్ వాల్వు కూడా అంతే. ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు ఇంజిన్ ఎండిపోకుండా అది తెరుచుకుని ఆయిల్‌ని అలాగే వదలాలి. ఎంత ప్రెషర్‌కి తెరుచుకోవాలో ఒక్కో ఇంజిన్‌కి ఒక్కో లెక్క. స్ప్రింగు నీరసంగా ఉంటే అవసరం లేకుండానే తెరుచుకుంటుంది. అందుకే మర సరిపోయింది కదా అని ఏ ఫిల్టర్ పడితే అది ఎక్కించకూడదు. ఆ మర విషయంలోనూ జాగ్రత్త. 20 మిల్లీమీటర్ల మర ఫిల్టర్‌ని ఇంజిన్ మీదుండే ముప్పావు అంగుళం స్టడ్ (మర కడ్డీ) మీద ఎక్కిస్తే ఎక్కినట్టే ఉంటుంది. పట్టు మాత్రం ఉండదు.

ఇంకొకటి. డబ్బా మీద "20 మైక్రాన్లు" అని రాసి ఉంటే మురిసిపోకండి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ సైజు రేణువుల్లో ఎన్నింటిని ఆపుతుందో చెప్పకపోతే ఆ అంకెకి విలువ లేదు. ఆయిల్ ఫిల్టర్ల పరీక్షకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 4548లో 12వ భాగం ప్రకారం మురికి కలిపిన ఆయిల్‌ని పదేపదే పంపించి, ఫిల్టర్‌కి ముందూ వెనకా రేణువుల్ని లెక్కపెడతారు. ముందు లెక్కని వెనక లెక్కతో భాగిస్తే వచ్చేదే బీటా. బీటా 2 అంటే సగమే ఆగాయని. బీటా 20 అయితే నూటికి 95, బీటా 100 అయితే 99. ఒకే 20 మైక్రాన్ల పేరుతో ఈ మూడూ అమ్మొచ్చు.

స్పానర్ 22:
సార్ చెప్పింది కాదనను. కానీ లోకల్ అంటే అంతా చెత్త అనే మాట నేనొప్పుకోను. కంపెనీ బాక్సులోకి వెళ్లే ఫిల్టర్ కూడా ఎవరో సప్లయర్ చేసిందే కదా. ఆ సప్లయర్ తన పేరుతో బయట అమ్మేది మంచి సరుకే. పేరూ ఊరూ లేని డబ్బా వేరు, కంపెనీ బాక్సుని అచ్చంగా దించిన డూప్లికేట్ వేరు. ఆ డూప్లికేట్ మాకూ పడుతుంది, బాక్సు చూసి మేమూ మోసపోతాం. ఇంకో మాట కూడా వినండి. సర్వీసింగ్ బిల్లులో యాభై తగ్గించమని పట్టుబట్టేది కస్టమరే. ఆ యాభై ఎక్కడో ఒకచోట తగ్గుతుంది.

గాజువాక డ్రైవర్:
తగ్గించమన్నది మీ కూలి గురించి అన్నా, ఫిల్టర్ గురించి కాదు. చవకది వేస్తున్నానని ఒక్క మాట ముందు చెప్తే మేమే నలభై ఇచ్చేవాళ్లం.

లా పాయింట్:
కంపెనీది తప్ప వేయించకూడదు అనే వాదన మీద ఒక మాట. బయట చేయిస్తే వారంటీ మొత్తం పోతుందని చాలామంది భయపడతారు. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ స్పేర్ పార్టుల కేసులో 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయటి మెకానిక్ దగ్గర చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టకూడదని, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని ఆ ఉత్తర్వులో ఉంది. కాబట్టి ఎంపిక మనదే. కానీ ఆధారం కూడా మనమే దాచుకోవాలి. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న వస్తువు వల్ల జరిగిన నష్టానికి తయారీదారుతో పాటు అమ్మినవారినీ బాధ్యుల్ని చేసే అధ్యాయం ఉంది. గాజువాక అన్న దగ్గర ఫిల్టర్ బిల్లు లేదు కాబట్టి అడగడానికి ఆధారం లేకపోయింది. సలహాకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

డాలస్ పెద్దాయన:
ఇక్కడ అమెరికాలో 1975 నుంచే అలాంటి వారంటీ చట్టం ఉంది. మా అబ్బాయీ నేనూ ఇంటి దగ్గరే ఆయిల్ మార్చుకుంటాం. పాత ఫిల్టర్‌ని పారేయకుండా కవర్లో కట్టి, మీద తేదీ, కిలోమీటర్ల రీడింగు రాసి నెలరోజులు ఉంచుతాం. కోయాలంటే గొట్టాలు కోసేలాంటి చక్రం కట్టర్ దొరుకుతుంది. దాంతో రజను పడదు.

స్పానర్ 22:
తమ్ముడూ, ఇక మాటలెందుకు. అదే షాపులో అదే ఫిల్టర్ కొత్తది కొను. బండికి ఎక్కించకుండానే కోద్దాం, కట్టర్ నా దగ్గరుంది. అప్పుడు బిగించిన చేతి తప్పూ ఉండదు, నీ బ్లేడ్ తప్పూ ఉండదు.

కృష్ణలంక క్యాబ్:
నిన్న సాయంత్రం అన్న షెడ్డులో కోశాం. ఈసారి బిల్లు తీసుకునే కొన్నాను. పక్కన ఒరిజినల్ కూడా ఒకటి పెట్టాం.

కొత్త లోకల్ ఫిల్టర్ జాయింట్ పైనుంచి సగం దాకా అతికే ఉంది, కింది సగానికి గమ్ అందలేదు. అన్న సన్నటి ఫీలర్ గేజ్ (సందులు కొలిచే రేకు) పెడితే అడ్డం లేకుండా లోపలికి పోయింది. మడతలు ఒకవైపు ఒత్తుగా, ఇంకోవైపు పలచగా ఉన్నాయి. ఒరిజినల్ రబ్బరు వాల్వుని బొటనవేలితో నొక్కితే వంగి మళ్లీ లేచింది. దీనిది వంచితే మడత గీత పడిపోయింది. ఇంకా వేడి చూడని ముక్క అది.

తర్వాత మా మెకానిక్‌ని పిలిపించాం. పోయిన నెల విప్పిన పాత ఫిల్టర్ అతని స్క్రాపు డ్రమ్ములో దొరికింది. దానికి రింగు లేదు. కారింది మాత్రం రెండు రింగుల వల్లేనని ఒప్పుకుంటున్నాను.

స్పానర్ 22:
నేనూ నా మాట సరిచేసుకుంటున్నాను. కొత్త ముక్కలోనే ఆ సందు చూశాక నీ బ్లేడ్‌ని అనుమానించడానికి లేదు. నా ర్యాక్‌లో అదే రకం ఇంకా నాలుగున్నాయి. రేపు షాపుకి తిరిగి ఇచ్చేస్తాను, తీసుకోకపోతే కోసి పారేస్తాను. ఇకనుంచి విప్పిన ఫిల్టర్‌నీ, దాని రింగునీ కస్టమర్ చేతిలో పెట్టాకే కొత్తది ఎక్కిస్తాను.

క్యూసీ టేబుల్:
డబ్బా అడుగున బ్యాచ్ నంబరు ఉందా? ఉంటే ఇక్కడ పెట్టండి. గమ్ సగమే పడిందంటే ఆ ఒక్క ముక్కతో ఆగదు.

కృష్ణలంక క్యాబ్:
చూశాం సార్. బ్యాచ్ నంబరు లేదు, తయారైన నెల లేదు, తయారు చేసినవాళ్ల చిరునామా లేదు. ఎమ్మార్పీ ఒక్కటే ఉంది. కోసిన రెండు ముక్కలూ, బిల్లూ తీసుకుని సోమవారం షాపుకి వెళ్తున్నాను.