జీఆర్‌సీ టీమ్‌లోకి మార్చారు. ఇక్కడ అసలు పని ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

కొత్తచేరిక

నమస్కారం అండీ. ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాను. రెండు వారాల కిందట నన్ను జీఆర్‌సీ టీమ్‌లోకి మార్చారు. గవర్నెన్స్, రిస్క్, కంప్లయన్స్ అని చెప్పడం వచ్చింది కానీ అంతకు మించి ఏమీ అర్థం కావడం లేదు.

వచ్చిన రోజే రిస్క్ రిజిస్టర్ అని, సంస్థకున్న రిస్క్‌లన్నీ రాసిన ఒక ఎక్సెల్ షీట్ చేతికిచ్చారు. 140 వరుసలు. ప్రతి వరుసకీ ఎరుపో, పసుపో, ఆకుపచ్చో రంగు. దాన్ని అప్‌డేట్ చేయమన్నారు. ఎవరిని అడిగినా "పోయినసారి ఏముందో అదే ఉంచేయండి" అంటున్నారు. టెస్టింగ్‌లో బగ్ పట్టుకుంటే పట్టుకున్నానని తెలిసేది. ఇక్కడ సాయంత్రానికి నా వల్ల ఏం మారిందో తెలియడం లేదు.

ఈ మూడూ వేరువేరు పనులా, ఒకే పనా? నేను ఎక్కడ మొదలుపెట్టాలి? వచ్చే నెల ఆడిట్ కూడా ఉందట, ఆ టెన్షన్ ఒకటి.

పాత_ఆడిటర్

ఇంటర్నల్ ఆడిట్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉన్నానండీ. ముందు ఒక పని చేయండి. రంగుల కాలమ్ పక్కన పెట్టి, ఓనర్ అనే కాలమ్ చూడండి, అంటే ఆ రిస్క్‌కి బాధ్యులెవరో రాసేది. అందులో మనుషుల పేర్లున్నాయా, విభాగాల పేర్లున్నాయా?

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. నేను ఒకప్పుడు పనిచేసిన సంస్థలో ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్‌లు వెంటనే తీసేయకపోవడం అనే రిస్క్ రిజిస్టర్‌లో ఉండేది. ఓనర్ దగ్గర "ఐటీ విభాగం" అని రాశారు. కంట్రోల్, అంటే ఆ రిస్క్‌ను అదుపులో ఉంచే ఏర్పాటు, కూడా ఉంది: మూడు నెలలకోసారి ప్రతి మేనేజరూ తన టీమ్ యాక్సెస్ జాబితా చూసి సంతకం పెట్టాలి. వరుసగా నాలుగుసార్లు అందరి సంతకాలూ వచ్చాయి, రంగు ఆకుపచ్చ. ఒకరోజు నేను ఆ జాబితాను, హెచ్‌ఆర్ దగ్గరున్న మానేసినవాళ్ల జాబితాను పక్కపక్కన పెట్టి చూశాను. పదకొండు మంది లాగిన్‌లు ఇంకా పనిచేస్తున్నాయి. అందులో ఒకరికి చెల్లింపులు ఆమోదించే హక్కు ఉంది. ఆయన మానేసి ఎనిమిది నెలలైంది.

ఎవరూ దొంగతనం చేయలేదు, అది అదృష్టం. కానీ ఎవరిని అడగాలో తెలియక రెండు రోజులు తిరిగాను. హెచ్‌ఆర్‌వాళ్లు మెయిల్ పంపామన్నారు. ఐటీవాళ్లు టికెట్ రాలేదన్నారు. మేనేజర్లు జాబితాలో ఉన్న పేర్లన్నీ తెలిసినవే కాబట్టి సంతకం పెట్టామన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

మీరు అడిగిన మూడూ ఇందులోనే ఉన్నాయి. లాగిన్ మిగిలిపోతే డబ్బు పోవచ్చు, అది రిస్క్. మూడు నెలలకోసారి చూస్తామని ఒప్పుకున్నాం కాబట్టి చూడాలి, అది కంప్లయన్స్. ఈ పని ఎవరిది, చేయకపోతే ఎవరు జవాబు చెప్పాలి, చెప్పకపోతే పైన ఎవరు నిలదీయాలి, అది గవర్నెన్స్. మాకు మొదటిది కాగితం మీద ఉంది, రెండోది సంతకాలతో సహా ఉంది, మూడోది లేదు. మూడోది లేకపోతే మిగతా రెండూ ఫైళ్లలోనే ఉండిపోతాయి.

ఇది చిన్న సంస్థల సమస్య అనుకోకండి. 1995లో బ్రిటన్‌కు చెందిన బేరింగ్స్ బ్యాంకు కూలిపోయింది. 1762లో పుట్టిన బ్యాంకు అది. సింగపూర్‌లో నిక్ లీసన్ అనే ఒకే మనిషి ట్రేడింగూ చేసేవాడు, ఆ ట్రేడ్‌ల లెక్కలు సరిచూసే సెటిల్‌మెంట్ విభాగమూ అతని కిందే ఉండేది. 88888 అనే ఖాతాలో నష్టాలు దాచాడు. చివరికి తేలిన నష్టం 80 కోట్ల పౌండ్లకు పైనే. నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం వేరే ఉంది. ఒకరి చేతిలో రెండు పనులూ ఉండకూడదని వాళ్ల ఇంటర్నల్ ఆడిట్ 1994లోనే రాసింది. రిపోర్ట్ ఉంది, దాన్ని అమలు చేసినవాళ్లు లేరు.

లెక్కల్లో మోసాలు చేసిన ఎన్రాన్ కంపెనీ పతనం తర్వాత అమెరికా 2002లో తెచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం కూడా ఇక్కడే పట్టుకుంది. ఆర్థిక నివేదికలు సరైనవేనని సీఈఓ, సీఎఫ్‌ఓ (ఆర్థిక వ్యవహారాల అధిపతి) స్వయంగా ధ్రువీకరించాలంది. "సంస్థ తరఫున" అంటే చాలదు, మనిషి పేరు కావాలి.

ఇంకొకటి. మీ షీట్‌లో "సైబర్ దాడి" అని రెండు మాటలతో రాసిన వరుసలు ఉంటే వాటిని తిరగరాయించండి. రిస్క్ నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 31000లో రిస్క్ అంటే లక్ష్యాల మీద అనిశ్చితి ప్రభావం. అంటే ఏ లక్ష్యం దెబ్బతింటుందో చెప్పకపోతే అది రిస్క్ కాదు, భయం మాత్రమే. "దాడి వల్ల జీతాల సిస్టమ్ రెండు రోజులు ఆగితే నెలాఖరు జీతాలు ఆలస్యమవుతాయి" అని రాస్తే దాని మీద మాట్లాడుకోవచ్చు, ఓనర్ ఎవరో కూడా దానంతట అదే తేలుతుంది.

రాత్రిషిఫ్ట్

నేను సైబర్ సెక్యూరిటీలో ఉంటాను. పైన చెప్పినదానితో ఏకీభవిస్తున్నా, ఒక్క చోట మాత్రం ఇంకొంచెం చెప్పాలి. పేరు ఉంటే సరిపోదు, ఆ మనిషికి అధికారం, బడ్జెట్ ఉండాలి. మా దగ్గర ఒక పాత సర్వర్ రిస్క్‌కి జూనియర్ అడ్మిన్‌ను ఓనర్‌గా రాశారు. కొత్త సర్వర్ కొనే అధికారం అతనికి లేదు. రెండేళ్లు ప్రతి సమీక్షలోనూ అతనే తల దించుకుని కూర్చున్నాడు. అది అన్యాయం. సరిచేయగలిగిన మనిషే ఓనర్ కావాలి. లేదా "ఈ రిస్క్ తెలుసు, ఈ తేదీ వరకు భరిస్తాం" అని సంతకం పెట్టగలిగిన మనిషి కావాలి.

చెప్పిన పని నిజంగా జరిగిందో లేదో ఎవరో ఒకరు చూడాలి కూడా. 2017లో అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్ వాడే అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) మార్చిలోనే వచ్చింది. ప్యాచ్ వేయమని లోపల మెయిల్ వెళ్లింది. స్కాన్ చేశారు, లోపం ఉన్న సిస్టమ్ అందులో దొరకలేదు. మే నెలలో దాడి చేసినవాళ్లు లోపలికి వచ్చారు, జులై చివర్లో గానీ బయటపడలేదు. నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను తనిఖీ చేసే పరికరంలో సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉంది కాబట్టి అది చూడాల్సినవి చూడలేదు. 14 కోట్లకు పైగా మనుషుల వివరాలు పోయాయి. మీరు టెస్టింగ్ నుంచి వచ్చారు కదా, మీ బలం ఇక్కడే. కంట్రోల్ ఉందా అని కాకుండా, ఫెయిలైతే మనకు తెలుస్తుందా అని అడగండి.

నియమావళి

ఆడిట్ టెన్షన్ గురించి ఒక్క మాట. ఆడిటర్లు చట్టాలతో పాటు మీ పాలసీలో మీరే రాసుకున్నదాన్ని కూడా చూస్తారు. మా పాలసీలో "ప్రతి సంఘటననూ 4 గంటల్లో విచారించాలి" అని ఎవరో గొప్పగా రాశారు. ఏ చట్టమూ అడగలేదు. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కూడా వ్యక్తిగత డేటా లీకైనట్టు తెలిశాక నియంత్రణ సంస్థకు చెప్పడానికి 72 గంటలు ఇస్తుంది. మా 4 గంటలు ఒక్కసారీ కుదరలేదు, ప్రతి ఆడిట్‌లో అదే ఫైండింగ్, అంటే లోపంగా నమోదు. చేయగలిగినదాన్నే రాసుకుని, రాసినదాన్ని చేయడం మంచిది. పని చేశామనే ఎవిడెన్స్ కూడా ఆడిట్ ముందురోజు వెతకకుండా పని జరిగిన రోజే దాచుకోండి.

కొత్తచేరిక

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఈరోజు ఓనర్ కాలమ్ లెక్కపెట్టాను. 140లో 58 వరుసలకు విభాగం పేరే ఉంది. మరో 9 వరుసల్లో పేరున్నవాళ్లు సంస్థలోనే లేరు. మిగతావాళ్లలో ముగ్గురితో మాట్లాడగలిగాను. అందులో ఒకాయన తన పేరు ఈ షీట్‌లో ఉందని నేను చెప్పేదాకా తెలియదన్నారు. ఆయన వరుస రంగు ఆకుపచ్చ.

వచ్చే నెల ఆడిట్‌లో ఇది బయటపడితే మా టీమ్‌కే చెడ్డపేరు వస్తుందని మా లీడ్ భయపడుతున్నారు. 67 వరుసలకు ఇప్పటికిప్పుడు ఏదో ఒక పేరు పెట్టేయమంటున్నారు. ఏం చేయమంటారు?

పాత_ఆడిటర్

పెట్టకండి. ఆ 67 వరుసలకూ రంగు తీసేసి "ఓనర్ నిర్ధారించాలి" అని, ఎప్పటిలోగా నిర్ధారిస్తారో తేదీ రాయండి. ఎరుపు వరుసలు ముందు పెట్టుకోండి. అవి పదో పదిహేనో ఉంటాయి, వాటికి పేర్లు ఈ నెలలోనే వస్తాయి. మిగతాది ఆడిటర్ రాకముందే మీ లీడ్ చేత రిస్క్ కమిటీకి రాతపూర్వకంగా చెప్పించండి. సంస్థే ముందు కనిపెట్టి, పని మొదలుపెట్టినదాన్ని నేను ఆడిటర్‌గా సానుకూలంగా రాస్తాను. అడగకుండా పెట్టిన పేరు దొరికితే మాత్రం ఆ షీట్‌లో మిగిలిన ఏ వరుసనూ నమ్మలేను.

తన పేరు ఉందని తెలియదన్న ఆయనతో రేపు ఒక అరగంట కూర్చోండి. ఆయన వరుస ఏ రిస్క్ గురించో ఇక్కడ రాయండి, ఎలా మాట్లాడాలో కలిసి చూద్దాం.