టీవీలో చూపించే నీళ్లు ఏ గల్లీవి? వాన రాత్రి మీరు ఎవరి మాట నమ్ముతారు?

హంటర్‌రోడ్డు టైలరమ్మ అడిగారు:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, హంటర్ రోడ్డు పక్క కాలనీ. ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ షాపు.

2023 జూలై చివర్లో ఒక రాత్రి దుబాయి నుంచి మా పెద్దోడు ఫోన్ చేశాడు. "అమ్మా, మేడ ఎక్కినవా?" అని ఏడుపు గొంతు. వాడి ఫోన్లో ఏదో ఛానల్‌లో "మునిగిన వరంగల్" అని వస్తోందట. మాది కాస్త మెరక, అప్పటికి మా గల్లీలో నీళ్లు లేవు. వీడియో కాల్ పెట్టి గడప నుంచి మూలమలుపు దాకా నడిచి చూపించాను. అయినా నమ్మడు! "టీవీ వాళ్లకు తెల్వదా" అంటాడు. కన్నతల్లి తడవని నేల చూపిస్తుంటే.

ఇక 2025 అక్టోబర్ సంగతి వినండి. మొంథా తుపాను అని రెండు రోజులు ఏ ఛానల్ పెట్టినా కాకినాడ, మచిలీపట్నం అలలే. రెయిన్‌కోటు వేసుకుని గాలికి ఊగుతూ చెప్పే రిపోర్టర్లు. 28 రాత్రి తీరం దాటింది అన్నారు. హమ్మయ్య, గండం గడిచింది అనుకుని పడుకున్నాం. మరునాడు పొద్దంతా మా మీదే కురిసింది. చీకటి పడ్డాక డ్రైనేజీ మూత లేచి నల్లనీళ్లు గడప దాటాయి. కరెంటు లేదు. ఫోన్ వెలుతురులో నేను, మా ఆయన కార్తీకం పెళ్లిళ్ల జాకెట్లు పదకొండు ఏరి అటక మీద పడేశాం. ఓవర్‌లాక్ మిషన్ మోటారు బల్ల కిందే ఉంటుంది కదా, అది మునిగింది. ఒక పసుపు పట్టు జాకెట్ అంచుకు మురుగు గీత పడి, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. గుడ్డ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను.

ఛానళ్లు అబద్ధం చెప్పాయని నేను అనను. 2023లో ఎక్కడో మునిగే ఉంటుంది. ఏ కాలనీ, ఎన్ని గంటలకు తీసిన వీడియో, ఈ రెండు ముక్కలు ఎందుకు వేయరు? ఊరి పేరు ఒక్కటి వేస్తే నేను సామాను ఎత్తాలా వద్దా ఎట్లా తెలుస్తుంది? మీరు ఏది చూసి ఎత్తుతున్నారు?

మండల విలేకరి:

అక్కా, మీరు తిట్టుకునే బాపతులో నేనూ ఒకణ్ణి. మా పని ఎట్లుంటదో చెప్తాను. నాకు నెల జీతం లేదు. పండగొస్తే యాడ్స్ తేవాలి, దానికి టార్గెట్.

ఒక వానాకాలం మోకాలి లోతు నీళ్లలో నిలబడి "చెరువు మత్తడి దుంకుతోంది, రోడ్డు మీద రాకపోకలు బంద్" అని వీడియోతో సహా పంపాను. గంటలో స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు: "తెగిన చెరువు కట్ట". మత్తడి అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటని డెస్క్‌లో ఉన్న తమ్ముడికి తెలియదు! చెరువు నిండితే మత్తడి పోయాల్సిందే, మా దగ్గర ఆ రోజు గంగమ్మకు కొబ్బరికాయ కొడతారు. కట్టకు గండి పడటం వేరు. ఫోన్ చేస్తే స్క్రోల్ మార్చారు గానీ అప్పటికే ఆ క్లిప్పు యూట్యూబ్ ఎక్కింది. కింది ఊళ్లో వాళ్లు మూటలు సర్దుకుని, తెల్లారి నా ఇంటికి వచ్చారు. ఎందుకొచ్చారో చెప్పక్కర్లేదు.

రిటైర్డ్ లష్కర్:

టైలరమ్మ గారు, నేను తూములు, గేట్ల దగ్గర బతికినవాణ్ణి. మాటలు వదిలేసి అంకె చూడండి. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 దాకా వచ్చింది, 1986లో 75.6. "గోదావరి ఉగ్రరూపం" అని 44 అడుగులకూ వేస్తారు, 70కీ వేస్తారు.

ఇంకోటి. పేపర్లో వచ్చే వర్షపాతం పొద్దున ఎనిమిదిన్నర నుంచి మరునాడు ఎనిమిదిన్నర దాకా లెక్క. 2023 జూలై 27 పొద్దున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు అన్నది అట్లా వచ్చిందే. 204.4 దాటితేనే వాతావరణ శాఖ వాళ్లు అత్యంత భారీ అంటారు, దానికి ఇది మూడింతల పైనే. అయితే ఈ లెక్క చేతికొచ్చేసరికి నీళ్లు వచ్చి పోతాయి. వాన పడుతున్నప్పుడే తెలంగాణ ప్రభుత్వ ప్రణాళికా సంస్థ టీజీడీపీఎస్ సైట్లో మీ మండలం ఎంతుందో చూసుకోండి.

"గేట్లు ఎత్తారు" అంటే డ్యాంకు ప్రమాదమని కాదు, డ్యాంను కాపాడుకుంటున్నారని. 2022లో కడెం డ్యాం గేట్ల మీదుగా నీళ్లు దుమికినప్పుడు "తెగింది, తెగింది" అని ఫోన్లే ఫోన్లు. తెగలేదు. కానీ కింది ఊళ్లను ఖాళీ చేయించడం మాత్రం సరైన పనే.

భూపాలపల్లి పిలగాడు:

అందరూ టీవీ మీద పడ్డారు గాని, 2023 వరదలో మా దిక్కు మోరంచపల్లి ఊరోళ్లు ఇళ్ల కప్పులెక్కి ఉన్న వీడియోలు పొద్దున్నే టీవీల్లో, ఫోన్లలో తిరిగినయి. హెలికాప్టర్లు వచ్చినయి. అవి బయటికి రాకపోతే ఎప్పుడొచ్చేవో! అరుపులు నాకూ నచ్చవు. అసలు రాకపోవడం అంతకన్నా ఘోరం.

ములుగు అక్క:

భూకంపం సంగతి కలపండి. 2024 డిసెంబర్ 4, పొద్దున 7:27. గంజి వారుస్తుంటే పొయ్యి గట్టు కదిలింది. 5.3 అన్నారు, సరే, అది జరిగిందే. తర్వాత 2025లో రామగుండానికి పెద్ద భూకంపం రాబోతోందని ఎవరో చెప్పారట, అది స్క్రోలింగ్! తేదీ పెట్టి భూకంపం చెప్పే విద్య ఇంకా ఎవరికీ రాలేదు. మా అత్తమ్మ రెండు రాత్రులు వాకిట్లో మంచం వేసుకుంది. చలిజ్వరం మాత్రం నిజంగానే వచ్చింది.

హంటర్‌రోడ్డు టైలరమ్మ:

అందరికీ థ్యాంక్స్. మత్తడి కథ మా ఆయనకు చదివి వినిపించాను, కాసేపు నవ్వి "పాపం విలేకరి" అన్నాడు. పిలగాడు చెప్పింది కాదనలేను.

మోటారు ఇప్పుడు నాలుగు ఇటుకల మీద ఉంది. బొందివాగు వంతెన దగ్గర పండ్ల బండి పెట్టే ఆయన నంబరు తీసుకున్నాను, వాగు పెరిగితే మిస్డ్ కాల్ ఇస్తానన్నాడు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రూలు కూడా పెట్టించాను, ఏ ఫోటో పంపినా గల్లీ, టైము రాయాల్సిందే అని. తెల్లారి ఒక పెద్దాయన గుడ్ మార్నింగ్ గులాబీ పంపి, కింద శ్రద్ధగా "రెండో గల్లీ, 6:10" అని రాశారు.